కుర్చీని ఖాళీగా ఉంచిన మర్యాద

డాక్టర్ అని పిలవకపోతే ఆవిడ తల తిప్పేవారు కాదు. కాలేజీ వరండాలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరు గలవాళ్ళు ఇంకెవరో తన వెనకాల వస్తున్నట్టు తన దారిన తాను నడిచిపోయేవారు. అమెరికాలో అందరూ అందరినీ పేర్లతో పిలుచుకుంటారనీ, అదే ఇక్కడి సమానత్వమనీ మనవాళ్ళు మురిపెంగా చెప్పుకుంటారు. నేను చూసింది వేరు. తెల్లజాతి మగ ప్రొఫెసర్లను పిల్లలు ఎవరూ చెప్పకుండానే డాక్టర్ అనేవారు. ఈవిడ దగ్గరికి వచ్చేసరికి మొదటి రోజే పేరు పెట్టి పలకరించేవారు. ఆవిడ నల్లజాతి స్త్రీ, మతాల చరిత్రలో పండితురాలు, అరవై దాటిన మనిషి. అయినా అంతే.

ఆవిడ నాకు నచ్చడానికి మొదటి కారణం ఆ తల తిప్పకపోవడమే. బిరుదు అంటే ఏమిటో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. మా తాతగారి పేరుకు ముందు కొన్ని మాటలు, వెనక కొన్ని మాటలు ఉండేవి. మా నాన్నగారి కాలానికి వెనకవి ఊడిపోయాయి. నా దాకా వచ్చేసరికి ఇంటిపేరు ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా ఇక్కడి ఆఫీసుల్లో ఎవరూ సరిగా పలకలేరు. మా దివాణం ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీ హాస్టలు. మా నాయనమ్మ సాయంకాలం కూర్చునే మేడ మీది వరండాలో పిల్లలు తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న ఫొటో ఎవరో పంపారు. చెరపలేదు, మళ్ళీ చూడనూ లేదు.

ఈ సంగతులు ఒకసారి డాక్టర్‌తో అన్నాను. ఆవిడ నవ్వారు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లిష్‌లోనే అయినా నాకా మాటలు తెలుగులోనే గుర్తుండిపోయాయి.

"మీ బిరుదులు మీకు ఉయ్యాల్లోనే ఇచ్చేశారు. నాది నేను సంపాదించుకున్నాను. రెండింటినీ ఒక గాటన కట్టకండి, ప్రొఫెసర్."

నన్ను ఆవిడ ప్రొఫెసర్ అనేవారు. నేను ప్రొఫెసర్‌ని కాదు. సెమిస్టర్‌కి ఒక కాగితం మీద సంతకం పెట్టి, ఆసియా మతాల గురించి పాఠాలు చెప్పి, సెమిస్టర్ అయిపోగానే మళ్ళీ ఎవరూ కాకుండా పోయే మనిషిని. ఈ వయసులో ఆ పని ఎందుకని, నేనుండే ఇర్వింగ్‌లో తెలిసినవాళ్ళు అడిగేవారు. ఆ కాలేజీ డాలస్‌కి దక్షిణం వైపు, చర్చివాళ్ళు నడిపే చిన్న కాలేజీ. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట. "ఆ ఏరియాకి రోజూ డ్రైవ్ చేస్తున్నారా అండీ? కార్ డోర్స్ లాక్ చేసుకోండి," అని ఒకాయన గుడిలో ప్రసాదం తింటూ నాకు సలహా ఇచ్చాడు. నేను ఆయనకు జవాబు చెప్పలేదు. జవాబు చెప్పడానికి కూడా ఒక స్థాయి ఉండాలని మా ఇంట్లో అనేవారు.

ఆవిడ ఏడాది పొడవునా చెప్పే పాఠం పేరు మతమూ స్వస్థతా. క్లాసు నిండిపోయి, వ్యాసాలు దిద్దడానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. ఆ పని నాకిచ్చారు. ఇంకొకరి పాఠానికి వ్యాసాలు దిద్దడమంటే నాకు చిన్నతనంగా అనిపించింది. ఒప్పుకున్నాను గానీ క్లాసులో కూర్చోవాలన్న షరతు నేనే పెట్టాను. దిద్దడం ఒక్కటే అయితే గుమస్తా పని. కూర్చుని విని దిద్దితే పండితుల పని.

మొదటి రోజు క్లాసులో బెంచీలు లేవు. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. పిల్లల్లో ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిలు. వాళ్ళ మధ్య నలభై దాటిన ఒకావిడ, నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పని ముగించుకుని ఆ బట్టలతోనే వచ్చేది. ఒక మూల మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే తెలుగువాళ్ళ అమ్మాయి కనిపించింది. ఇక్కడే పుట్టిన పిల్ల. పెద్ద యూనివర్సిటీలో సీటు రాక ఏడాది ఇక్కడ చదివి మారిపోదామని చేరిందని, ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని వాళ్ళమ్మ నాకు ముందే చెప్పుకుంది. ఆ పిల్ల నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఆంటీ, నువ్వు కూడా ఈ క్లాస్ ఆ?"

ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగులో నువ్వు ఒక్కటే వస్తుంది. మా నాయనమ్మను తమరు అని తప్ప వేరేలా పిలిచిన మనిషిని నేను చూడలేదు. నేను తలాడించి ఊరుకున్నాను.

గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒకటి ఎవరూ కూర్చోకుండా వదిలేశారు. డాక్టర్ దాని గురించి చెప్పారు. ప్రతి క్లాసుకూ ఒకరు తమకు ఏదో ఒకటి నేర్పిన ఒక స్త్రీని వెంట తీసుకురావాలి. బతికి ఉన్నా, పోయినా, చదువుకున్నా, చదువుకోకపోయినా సరే. ఆమె గురించి చెప్పాలి. చెప్పడం అయ్యాక, లేచి వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, ఆమె నేర్పిందాన్ని మిగిలినవాళ్ళకు నేర్పాలి.

"ఆ కుర్చీలో కూర్చోవడం సన్మానం అనుకోకండి, అది పని," అన్నారు డాక్టర్. "ఆమె మీకిచ్చింది మీ నోటి నుంచి ఇంకొకరికి అందినప్పుడు మీలో ఏదో ఒకటి కుదుటపడుతుంది. నా దగ్గరున్న మందు అదొక్కటే. ఇంకేదైనా మందు కోసం వచ్చినవాళ్ళు ఈ వారంలోపు పాఠం మార్చుకోవచ్చు."

ఎవరూ మార్చుకోలేదు.

తర్వాత బోర్డు మీద ఒక ప్రశ్న రాశారు. మీ గుడి మీ ఒంటికి ఏం నేర్పింది? గుడి అంటే చర్చి, మసీదు, ఇల్లు, ఏదైనా కావచ్చన్నారు. నేను కలం పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాను. కుర్చీకి వీపు ఆనించి కూర్చోవడం మా ఇంటి ఆడపిల్లలకు లేదు. డాక్టర్ నా వైపు చూశారు.

"ప్రొఫెసర్, మిమ్మల్ని ఎవరైనా చూస్తున్నారా?"

"లేదు. ఎందుకు?"

"ఎవరో గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టు కూర్చున్నారు."

పిల్లలు నవ్వారు. నాకు కోపం రాలేదని చెప్పలేను.

ఆ శరదృతువంతా ఆ కుర్చీలో ఎందరు స్త్రీలు వచ్చి కూర్చున్నారో. ఒక పిల్ల తన మేనత్తను తీసుకొచ్చి, కరెంటు కట్ చేస్తామని ఫోన్ చేసినవాళ్ళతో గొంతు పెంచకుండా ఎలా మాట్లాడాలో నేర్పింది. ఇంకొక పిల్ల ఆదివారం బడిలో పాఠం చెప్పే ముసలావిడను తీసుకొచ్చింది. ఆ ముసలావిడకు బైబిలంతా నోటికి వచ్చట. అయినా చర్చిలో పైన వేదిక ఎక్కనివ్వలేదు. కింద బేస్‌మెంట్‌లో పిల్లలకు చెప్పుకోమన్నారు. డాక్టర్ ఆ రోజు చాలాసేపు మాట్లాడారు. తన తల్లి కూడా అలాగే ఒక బేస్‌మెంట్‌లో, బాయిలర్ పక్కన, పాత కుర్చీలు పోగేసి పాఠాలు చెప్పిన మనిషే అన్నారు. "మా పండితురాళ్ళు ఎక్కడినుంచి వచ్చారని పుస్తకాల్లో వెతుకుతారు. బేస్‌మెంట్ల నుంచి, వంటిళ్ళ నుంచి, జడలల్లే దుకాణాల నుంచి వచ్చారు. గది ఇవ్వలేదు కాబట్టి ఏ గది దొరికితే ఆ గదిలో చెప్పారు." నేను ఆ మాటలు వినడమే కాదు, రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అని డాక్టర్ తర్వాత నాతో అన్నారు. ఆ తీర్పును నేను పూర్తిగా ఒప్పుకోను.

తెలుగమ్మాయి వంతు వచ్చిన రోజు తన అమ్మమ్మను తీసుకొచ్చింది. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ తన తలకు కొబ్బరినూనె పెట్టేదని, అప్పుడు ఎంత హాయిగా ఉండేదో చెప్పింది. క్లాసులో ఒక్కసారిగా సందడి మొదలైంది. అక్కడున్న ప్రతి అమ్మాయికీ జుట్టు గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంది. "కొబ్బరినూనా? మా ఇంట్లో నీలం డబ్బాలో తలకు రాసే జిడ్డు. ఆదివారం పొద్దున ఇల్లంతా అదే వాసన," అని ఒకమ్మాయి అంది. "తల కదిపితే దువ్వెనతో నెత్తి మీద ఒక్కటి పడేది," అంది ఇంకొకమ్మాయి. "మాకూ పడేది," అంది మన పిల్ల. అందరూ నవ్వారు.

ఆ నవ్వులోనే మన పిల్ల మిగిలింది చెప్పేసింది. తలంటు పోసే రోజున అమ్మమ్మ సున్నిపిండితో ఒళ్ళు గట్టిగా రుద్దేదట. నల్లగా పుట్టావే తల్లీ, ఇంకొంచెం రుద్దితే రంగు తేలుతావు అని. చర్మం మండి ఏడ్చేదాకా రుద్దేదట. ముందు రోజు నూనె పెట్టిన చేతులే అవి. చెబుతూ ఉన్న పిల్ల తాను ఎవరి మధ్య కూర్చుని చెబుతోందో హఠాత్తుగా తెలుసుకుని ఆగిపోయింది. నేను కింద తివాచీ కేసి చూశాను. అలాంటి మాటలు మా దివాణంలో ఎన్ని విన్నానో నాకు తెలుసు.

నర్సింగ్ హోమ్ ఆవిడే ముందు మాట్లాడింది. "మా ఇంట్లోనూ ఒకావిడ ఉండేది. నిమ్మకాయతో రుద్దేది."

డాక్టర్ ఆ పిల్లను చూశారు. "నూనె ఉంచుకో. పిండి ఆవిడకు తిరిగి ఇచ్చెయ్. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని మాకు నూనె పెట్టడం నేర్పు."

ఆ పిల్ల వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఒకమ్మాయిని తన ముందు నేల మీద కూర్చోబెట్టుకుని, నూనె లేకుండానే, వేళ్ళతో తల మీద ఎక్కడ నొక్కాలో, ఎక్కడ మెల్లగా పోవాలో చూపించింది. ముక్కు తుడుచుకుంటూనే చూపించింది. ఆ సాయంత్రం నా కారులో ఇంటికి వస్తూ, హైవే మీద మా ఎగ్జిట్ దగ్గర పడ్డాక నా వైపు తిరిగింది. తర్వాత అంది.

"ఆంటీ, నాకు లైట్‌గా ఉంది. వియర్డ్ కదా?"

"వియర్డ్ కాదు," అన్నాను.

నా వంతు కూడా వచ్చింది. వ్యాసాలు దిద్దే మనిషికి మినహాయింపు ఉంటుందనుకున్నాను. డాక్టర్ ఒప్పుకోలేదు. మా నాయనమ్మను తీసుకెళ్ళాను. జమీ పోయిన తర్వాత కూడా ఆవిడ ఎలా బతికారో చెప్పాను. ఆకలి అని ఎవరి ముందూ అనకపోవడం, నొప్పి అని అనకపోవడం, ఏ కుర్చీలోనూ వెన్ను వాల్చకపోవడం ఆవిడ నాకు నేర్పారని చెప్పాను. బాగా చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను.

నర్సింగ్ హోమ్ ఆవిడ అడిగింది. "ఆవిడకి నడుం నొప్పి ఉండేదా?"

"ఉండేది."

"ఎవరికైనా చెప్పిందా?"

"చెప్పలేదు."

"నేను ఒళ్ళు తుడిచే ముసలివాళ్ళలో అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఎక్కడ నొప్పో చెప్పరు. చెయ్యి పడగానే బిగుసుకుంటారు. దాన్నిబట్టే తెలుసుకోవాలి."

డాక్టర్ ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించారు. నేను లేవలేదు. పెద్దవాళ్ళ ఆసనంలో కూర్చోవడం మా ఆచారంలో లేదని చెప్పాను. తాతగారు పోయాక ఆయన కుర్చీ ఆయన గదిలోనే ఉండేది. దాని మీద పట్టుగుడ్డ కప్పి ఉండేది. రోజూ దుమ్ము దులిపేవారు. పిల్లలం ఆడుకుంటూ దాన్ని తాకితే కాళ్ళు కడుక్కుని రమ్మనేవారు. గౌరవమంటే అది. నిలబడే నేర్పుతానన్నాను.

"ఎవరూ కూర్చోకపోతే ఆవిడ ఇంత దూరం వచ్చి ఏం లాభం?" అన్నారు డాక్టర్. బలవంతపెట్టలేదు. నేను నిలబడే చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

వసంతంలో నర్సింగ్ హోమ్ ఆవిడ వంతు వచ్చింది. తన అమ్మమ్మను తీసుకొచ్చింది. తనకు పెళ్ళి కాకుండా కడుపు వచ్చినప్పుడు చర్చిలో పాటలు పాడే కోయిర్ నుంచి పాస్టర్ లేపేసి వెనక వరుసలో కూర్చోమన్నాడట. ఆ ఆదివారం అమ్మమ్మ, వేదిక కింద ముందు వరుసలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి, లేచి మనవరాలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచిందట. నర్సింగ్ హోమ్ ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని అది నేర్పింది. చర్చి నుంచి బయటికి ఎలా నడవాలి. "చర్చికి పెట్టుకొచ్చిన టోపీ తీసుకోవాలి. బైబిల్ తీసుకోవాలి, అది వాళ్ళది కాదు, మనది. పరుగెత్తకూడదు. తలుపు దబ్బున వేయకూడదు, వేస్తే కోపంతో పోయిందంటారు. మెల్లగా వేయాలి." అందరినీ లేపి, వరుసగా నడిపించి, తలుపు తీయించి మెల్లగా వేయించింది. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్ళు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఏడుస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా నిద్రపట్టని ఆ మనిషికి ఆ వారం నిద్రపట్టిందని తర్వాత చెప్పింది.

ఎవరో దాన్ని ఫోన్‌లో తీశారు. మంచి ఉద్దేశంతోనే తీసి ఉంటారు. అది ఊరంతా తిరిగింది. కాలేజీని నడిపే చర్చిల పెద్దలు చూశారు. మన డబ్బుతో నడిచే కాలేజీలో చర్చి వదిలిపెట్టడం నేర్పుతున్నారన్నారు. ఆ నెలాఖరుకు డాక్టర్ కాంట్రాక్టు మళ్ళీ రాయడం లేదని తెలిసింది.

ఆ తర్వాత డీన్ నన్ను పిలిచాడు. మృదువుగా మాట్లాడే మనిషి. నాకు కుర్చీ జరిపి, గ్రీన్ టీ తెప్పించాడు. డాక్టర్‌ని పేరు పెట్టే పిలిచాడు.

"ఆమె పాఠంలో గాయాల గురించి ఎక్కువ, స్వస్థత గురించి తక్కువ. మా పిల్లలకు ఇప్పుడు కావాల్సింది ప్రశాంతత. మీలో అది ఉంది. మీ సంప్రదాయంలో యోగా ఉంది, ధ్యానం ఉంది. ఆ పాఠం మీరు తీసుకోండి. పేరు కొంచెం మారుద్దాం. పూర్తికాలపు ఉద్యోగం."

నాలో ప్రశాంతత ఉందని నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. నా చర్మం రంగు చూసి అన్నాడు. ఆవిడ రంగు చూసి గాయాలన్నాడు. నేను గ్రీన్ టీ ముట్టలేదు.

"ఒకరిని లేపిన చోట మేం కూర్చోం," అన్నాను.

"మేం అంటే?" అని అడిగాడు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

"మా ఇంటివాళ్ళం."

"అది కుర్చీ కాదండీ. ఉద్యోగం. ఆలోచించుకోండి."

"ఆలోచించాను."

అలా లేచి వచ్చినప్పుడు నా ఒళ్ళంతా వెచ్చగా ఉంది. చాలాకాలం తర్వాత నేను మా తాతగారి మనవరాలిలా నడిచాను. జమీ పోయాక ఊళ్ళో మా వాళ్ళు కట్టించిన బడికే ఆయనను జీతం మీద హెడ్మాస్టర్‌గా ఉండమని ప్రభుత్వం అడిగితే, మేం పెట్టిన బడిలో మేం జీతానికి కూర్చోవడమా అని కాదన్నారట. ఆ కథ మా ఇంట్లో పండగల్లో చెప్పుకునేవారు. ఆ బడి తర్వాత ఏమైందో ఎవరూ చెప్పుకోలేదు. నేనూ అడగలేదు.

సెమిస్టర్ ముగిసేరోజు డాక్టర్ గదికి వెళ్ళాను. ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు. నేను చెప్పింది విని ఆవిడ నా చెయ్యి పట్టుకుంటారని నేను అనుకోలేదు. కానీ ఏదో ఒకటి అంటారనుకున్నాను.

"డీన్ మిమ్మల్ని పిలిచాడట కదా."

"పిలిచాడు. కాదన్నాను."

ఆవిడ చేతిలో పుస్తకం కింద పెట్టారు. "దేన్ని కాదన్నారు?"

"మీ పాఠం నాకు ఇస్తానన్నాడు. మీ స్థానంలో కూర్చోనన్నాను."

"నన్ను అడిగారా?"

"అడగాల్సిన విషయం కాదనుకున్నాను. మీ గౌరవం..."

"నా గౌరవం నేను చూసుకోగలను, ప్రొఫెసర్. ఇన్నాళ్ళూ నేనే చూసుకున్నాను. మీరు కాపాడుకున్నది మీది."

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ కూర్చోమనలేదు.

"వాడు పేరు మారుస్తానంటే మార్చనివ్వండి. తలుపు వేసుకున్నాక లోపల ఏం చెబుతున్నారో చూడటానికి ఎవడొస్తాడు? మీకు ఆ పాఠం తెలుసు. ఏడాది కూర్చుని విన్నారు. మీరు కూర్చుని ఉంటే వచ్చే ఏడాది వచ్చే పిల్లలకు ఒక గది ఉండేది. ఇప్పుడు వాడు ఆ గది ఎవరికిస్తాడో తెలుసా? యోగా చాప చంకన పెట్టుకుని వచ్చే ఎవడికో ఒకడికి."

"నేను తీసుకుంటే మన గురించి ఏం అనేవారో మీకు తెలుసు. నల్లజాతి స్త్రీని లేపి ఇండియన్‌ని కూర్చోబెట్టారు, ఆవిడ నోరుమూసుకుని కూర్చుంది అనేవారు."

"అనేవారు. నేనూ ఒక వారం అనుకునేదాన్ని. తర్వాత మీకు నా నోట్సు ఇచ్చేదాన్ని." ఆవిడ ఇంకో పుస్తకం తీసి పెట్టెలో పెట్టారు. "మా అమ్మ ఆ బేస్‌మెంట్‌లో కూర్చున్న కుర్చీ ఎవరిదని అడగలేదు. అడిగే వీలు మాకు లేదు. మీ ఇంట్లో కుర్చీలు బోలెడు ఉండేవి. కాబట్టి ఒకదాన్ని ఖాళీగా వదిలేయడం మీకు మర్యాదగా కనిపిస్తుంది."

వెళ్ళిపోతున్న మనిషితో వాదించడం పద్ధతి కాదు. ఆవిడ పెట్టెలు కారు దాకా మోయడానికి వంగాను. ఆవిడ వద్దన్నారు. పిల్లలు వస్తున్నారు, వాళ్ళు మోస్తారన్నారు.

తర్వాత సెమిస్టర్‌కి నాకు సంతకం పెట్టే కాగితం రాలేదు. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడు మా ఇర్వింగ్‌లోనే లాస్ కొలినాస్ వైపు ఒక ఆఫీసులో ఇన్సూరెన్స్ కాగితాల్లో తప్పులు సరిచూసే పని చేస్తున్నాను. అక్కడ నన్ను అందరూ పేరు పెట్టే పిలుస్తారు. నేను తల తిప్పుతాను.

మొన్నామధ్య ఇండియన్ కొట్ల దగ్గర ఆ తెలుగమ్మాయి కనిపించింది. కరివేపాకు కోసం వాళ్ళమ్మ పంపిందట. పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చింది. అయినా ఆ కాలేజీ పిల్లలతో మాట్లాడుతూనే ఉందట.

"ఆంటీ, డాక్టర్ క్లాస్ ఇప్పుడు ఏంటో తెలుసా? మైండ్‌ఫుల్ లివింగ్ అట. ఒక అబ్బాయి వచ్చి గంట కొడతాడంట. అందరూ ఫ్లోర్ మీద పడుకుంటారంట. చెయిర్స్ అన్నీ ఫోల్డ్ చేసి వాల్‌కి పెట్టేశారు."

"పిల్లలు వెళ్తున్నారా?"

"వెళ్తున్నారు. క్రెడిట్స్ కదా. న్యాపింగ్ క్లాస్ అంటున్నారు." నవ్వబోయి, నా ముఖం చూసి మానేసింది. "కొత్తగా జాయిన్ అయిన ఒక అమ్మాయి ఫస్ట్ వీక్ ఏడ్చిందంట ఆంటీ. అతను బ్రీద్ చేయమన్నాడంట. ఇంకేం అడగలేదంట. ఆ అమ్మాయి డ్రాప్ చేసేసింది."

నేను బియ్యం బస్తా కారు డిక్కీలో పెట్టుకుంటూ ఉన్నాను. ఆ పిల్ల ఒక చెయ్యి వేసింది.

"బట్ మేం మీట్ అవుతున్నాం ఆంటీ. సాటర్‌డేస్. లైబ్రరీలో ఒక రూమ్ ఇస్తారు, ఫ్రీ. డాక్టర్ వస్తుంది. నర్సింగ్ హోమ్ ఆంటీ వస్తుంది, ఆమె ఇప్పుడు తనే నేర్పిస్తుంది సమ్‌టైమ్స్. లాస్ట్ వీక్ నేను కూర్చున్నాను." కూర్చున్నాను అన్న మాటను అది గర్వంగా అంది. "నువ్వు రా ఆంటీ."

"డాక్టర్ నా గురించి అడిగారా?"

ఇక్కడ పెరిగిన పిల్లలకు ఎదుటివాళ్ళ మనసు కోసం అబద్ధం చెప్పడం రాదు. అది వాళ్ళలో నాకు నచ్చే గుణం. ఆ పిల్ల కరివేపాకు సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"అడగలేదు. ఒకసారి నేనే చెప్పాను నీ గురించి. ఓకే అంది. బట్ నువ్వు వస్తే నో అనదు ఆంటీ."

"నో అనకపోవడం పిలవడం కాదమ్మా."

"పిలవడం ఎందుకు? లైబ్రరీ కదా. ఎవరైనా రావచ్చు."

డిక్కీ మూసి, వాళ్ళమ్మను అడిగానని చెప్పమన్నాను. అది ఇంకేదో అనబోయి, ఓకే ఆంటీ, బై అని కరివేపాకు సంచి ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

నేను చేసింది తప్పని నేను ఇప్పటికీ అనను. పిలవని చోటికి మా ఇంట్లో ఎవరూ వెళ్ళలేదు. ఒకసారి కాదన్న మనిషిని మళ్ళీ పిలిచే అలవాటు ఆవిడకు లేదు. ఎవరి పద్ధతి వాళ్ళది.

శనివారాలు ఆఫీసుకు సెలవు. నేను ఇంట్లోనే ఉంటాను.